ప్రార్థన నాకు, తాళం తమ్ముడికి

మా సంఘంలో ప్రార్థన కాకుండా ఏ బండీ రోడ్డెక్కదు. సైకిలైనా, ఆటో అయినా, కారైనా కొన్నచోటి నుంచి నేరుగా చర్చి ఆవరణలోకి రావాల్సిందే. పాస్టర్ గారు ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఇంకో చెయ్యి నడపబోయే మనిషి తల మీద పెట్టి ప్రార్థిస్తారు. చుట్టూ నిలబడ్డవాళ్లు ఆమెన్ అంటారు. ఆ తరవాత వచ్చే నెల మొదటి ఆదివారం ఆ మనిషి ఆరాధనలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పాలి. దేవుడు నాకు ఈ బండి ఇచ్చాడు, ఆయనకు స్తోత్రం అని చెప్పి కూర్చుంటే చాలు. విజయవాడ భవానీపురంలో మా చిన్న చర్చిలో నేను పుట్టకముందు నుంచీ ఇదే పద్ధతి.

ఈ పద్ధతిని నేనెప్పుడూ తప్పుపట్టలేదు. ఇప్పటికీ పట్టను. నా కోపమంతా దాన్ని మా ఇంట్లోవాళ్లు వాడుకున్న తీరు మీద.

నాకు పద్దెనిమిదేళ్లు నిండిన వేసవిలో, పామర్రులో ఉండే మావయ్య తన పాత బండి మీద నాకు గేర్లు నేర్పాడు. ఆయన అమ్మకు తమ్ముడు. ఆయనకు ఆడపిల్లలు లేరు, అందుకే ఆడపిల్లల గురించిన భయాలూ లేవు. కాలవలు కట్టేసిన రోజులవి. నీళ్లు లేని కాలవలో గేదెలు బురద వెతుక్కుంటూ తిరిగేవి. ఎండకు గట్టు మీదికి ఎవరూ వచ్చేవాళ్లు కాదు. నాకు అదే కావాలి. నలుగురు చూస్తుంటే నాకు చేతులు ఆడవు, గొంతు రాదు. ఎవరైనా పేరు అడిగినా రెండోసారి అడిగించుకుంటాను.

"క్లచ్చిని కోడిగుడ్డు పట్టుకున్నట్టు పట్టుకోవే, పిసికెయ్యకు," అని వెనక నుంచి అరిచేవాడు మావయ్య. బండి ఆగిపోయినప్పుడల్లా, "గుడ్డు పగిలింది, మళ్లీ," అనేవాడు. వేసవి అయ్యేలోపు గుడ్డు పగలడం మానేసింది. లైసెన్సు పరీక్షకు విజయవాడ దాకా ఆయనే తోడు వచ్చాడు. అక్కడి ఉద్యోగి కాగితం చూసి, "స్కూటీకి కదమ్మా?" అన్నాడు. "గేర్ల బండికేనండి," అని మావయ్య అన్నాడు. నేను తల ఊపాను. ఎనిమిది అంకె ఆకారంలో గీసిన గీత మీద కాలు కింద పెట్టకుండా తిప్పి చూపించాను. చూసేవాళ్లు ఉన్నారు, అయినా తిప్పాను.

ఆ లైసెన్సు నాకు ఎందుకు కావాలో ఎవరికీ చెప్పలేదు. మా కాలేజీ ఇబ్రహీంపట్నం దాటాక ఉంటుంది. చివరి క్లాసు అవగానే కాలేజీ బస్సు బయలుదేరుతుంది. లైబ్రరీ మాత్రం చీకటి పడేదాకా తెరిచే ఉంటుంది. ఆ లైబ్రరీ వెనక గదిలో, ఎవరూ ముట్టుకోని బీరువాలలో తెలుగు నవలలు, కథల పుస్తకాలు ఉన్నాయి. అట్టలు ఊడిపోయి, మళ్లీ కుట్టించుకున్న పుస్తకాలు. మధ్యాహ్నం భోజనం గంటలో బీరువా పక్కన నిలబడి చదివేదాన్ని. గంట కొట్టగానే కథ సగంలో ఉన్నా పెట్టేసి పరుగెత్తాల్సిందే. బస్సు వదులుకుంటే ఇక షేర్ ఆటోనే గతి. థర్మల్ స్టేషన్ బూడిద మోసే లారీల వెనక, ముగ్గురు పట్టే సీటులో అయిదుగురి మధ్య, ఎవరి మోచెయ్యి ఎక్కడ ఉందో చూసుకుంటూ రావాలి. ఒకసారి అలా వచ్చాను. మళ్లీ రాలేదు. బండి ఉంటే నాకు సాయంత్రాలు ఉంటాయి. నేను కోరుకున్నది ఆ సాయంత్రాలే. అది కూడా డైరీలో కోరుకున్నాను, పైకి అడగలేదు.

నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారు. మా చర్చిలో సంఘ పెద్ద కూడా. ఆదివారం ముందు వరసలో కూర్చుని, పాస్టర్ గారు ఏం చెప్పినా అందరికంటే ముందు తలూపుతారు. అంతకుముందు ఏడాది మా సంఘంలోని ఒక అబ్బాయి, ఇంకా మీసాలైనా రానివాడు, హైవే మీద బండి వేసుకుని వెళ్లి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆ ఆదివారం పాస్టర్ గారు ప్రసంగం మధ్యలో ఆగి అన్నారు. "లైసెన్సు లేని పిల్లల బండి మీద నా చెయ్యి పడదు. తల్లిదండ్రులందరూ వినండి. ముందు లైసెన్సు తెచ్చి నాకు చూపించండి, తరవాతే ప్రార్థన." నాన్న తలూపారు. ఆ ఊపడం నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే అప్పటికే ఆయన తమ్ముడికి బండి కొనిస్తానని మాట ఇచ్చి ఉన్నారు.

తమ్ముడికి పదహారేళ్లు. పదో తరగతిలో మంచి మార్కులు వస్తే బండి అన్నారు, వచ్చాయి. వాడు ఇంటర్ చదివే కాలేజీకి మా ఇంటి నుంచి నడిచి వెళ్లొచ్చు. నేను పదో తరగతి పాసైనప్పుడు నాకు రిస్టు వాచీ ఇచ్చారు. దానికి అప్పట్లో నేను సంతోషించాను కూడా.

ఒకరోజు సాయంత్రం నాన్న స్కూలు నుంచి వచ్చి, చొక్కా విప్పకుండానే నన్ను పిలిచారు.

"అమ్మాయ్, నీ లైసెన్సు ఏదీ?"

తెచ్చి ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూశారు.

"గేర్ల బండికే ఇచ్చారే!"

"అవును నాన్నా."

"బాగుంది. బండి తీసుకుంటున్నాం. నీ పేరు మీద."

వంటింట్లోకి వెళ్లి అమ్మ వైపు చూశాను. అమ్మ చపాతీలు ఒత్తుకుంటూ నా వైపు తిరగలేదు. అది అప్పుడే నాకు అర్థం కావాల్సింది. కానీ సంతోషంలో ఉన్న మనిషికి ఎదుటివాళ్ల వీపు కనిపించదు. లైబ్రరీ మూసేదాకా కూర్చుని ఏయే పుస్తకాలు చదవాలో ఆ రోజు డైరీలో రాసుకున్నాను. ఆ పేజీ తరవాత చింపేశాను.

షోరూముకు అందరం కలిసి వెళ్లాం. అక్కడి సేల్స్ కుర్రాడు టై కట్టుకుని ఉన్నాడు. "బండి ఎవరికండీ?" అని అడిగాడు.

"మా అబ్బాయికి. పేరు మాత్రం అమ్మాయిది," అన్నారు నాన్న. దాచడానికి కూడా ప్రయత్నించలేదు. ఆ మాట నా తల మీదుగా, నేను అక్కడ లేనట్టే, వెళ్లిపోయింది.

"అర్థమైందండి, చాలామంది అలాగే చేస్తారు," అని నవ్వాడు ఆ కుర్రాడు. తమ్ముడి వైపు తిరిగి, "రండి బ్రో, కూర్చోండి. కాళ్లు అందుతున్నాయా?" అన్నాడు. తమ్ముడు ఎక్కి కూర్చున్నాడు. నలుపు మీద ఎర్ర గీతల బండి వాడే ఎంచుకున్నాడు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు, ఎక్కడ సంతకం పెట్టాలో తప్ప. "ఇక్కడ మేడమ్, ఇక్కడ, ఇక్కడ కూడా మేడమ్." సంతకాలు పెట్టేటప్పుడు మేడమ్‌ని. బండి దగ్గర ఎవరినీ కాదు.

అట్టతో చేసిన పెద్ద తాళం చెవి ఇచ్చి ఫొటో తీస్తారు అక్కడ. కాగితాల ప్రకారం బండి నాది కాబట్టి నన్ను కూడా పిలిచారు. అట్ట తాళం చెవికి ఒక కొస నాన్న పట్టుకున్నారు, ఇంకో కొస తమ్ముడు. "మేడమ్, మీరు కొంచెం పక్కకి," అన్నాడు ఫొటో తీసేవాడు. అమ్మ నా చెవి దగ్గర, "ముఖం అలా పెట్టకు, ఫొటోలో పడుతుంది," అంది. పడింది. ఆ ఫొటో ఇప్పటికీ మా హాల్లో టీవీ పక్కన ఉంది. అందులో నన్ను చూసినవాళ్లు, ఆ రోజు ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు.

ఇంటికి వస్తుంటే ఆటోలో అమ్మ నాకు నచ్చజెప్పింది. "తమ్ముడిది అయితే నీది కాదా? నీకు అవసరమైనప్పుడు వాడు దింపుతాడు."

"నాకు లైసెన్సు ఉంది కదమ్మా."

"లైసెన్సు ఉందనే కదా నీ పేరున తీసుకుంది!" అంది అమ్మ. తనన్న మాటలో తప్పేముందో అమ్మకు నిజంగానే తెలియలేదు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక, షోరూము నుంచి నేరుగా తెప్పించిన బండిని చర్చి ఆవరణలో వేపచెట్టు నీడన నిలబెట్టారు. హ్యాండిల్‌కు బంతిపూలు, అద్దాలకు రిబ్బన్లు. నాన్న నా లైసెన్సు తీసి పాస్టర్ గారికి చూపించారు. ఆయన దాన్ని చూసి, నన్ను చూసి, పొంగిపోయారు.

"మాస్టారూ, ఆడపిల్లకి బండి కొన్నారా! చూడండయ్యా, చూడండి. తండ్రి అంటే ఇలా ఉండాలి."

"కాలేజీ దూరం కదండీ, పాపం రోజూ అవస్థ పడుతోంది," అన్నారు నాన్న.

నా అవస్థ ఆయనకు తెలుసని నాకు అప్పుడే తెలిసింది. తెలిసి కూడా ఇంట్లో ఒక్కసారి ఆ మాట అనలేదు. ఇప్పుడు అబద్ధానికి సాక్ష్యంగా పనికొచ్చింది కాబట్టి బయటికి తీశారు. బండి సంగతంతా మరిచిపోయినా ఆ ఒక్క వాక్యాన్ని నేను క్షమించలేను.

పాస్టర్ గారు నా తల మీద చెయ్యి పెట్టారు. "ప్రేమగల తండ్రీ, నీ కుమార్తెకు నీవు దయచేసిన ఈ వాహనం కోసం నీకు వందనాలు. ఈమె బయలుదేరినప్పుడు నీవు ముందు నడువు ప్రభువా. ఈమె తిరిగి వచ్చేటప్పుడు నీ దూతలను వెంట పంపు. ఈమె చేతులకు బలాన్నివ్వు, కళ్లకు జాగ్రత్తనివ్వు." ఈమె, ఈమె, ఈమె. కళ్లు మూసుకుని వింటున్నాను. తమ్ముడు నా వెనకే నిలబడి తాళం గలగలలాడిస్తున్నాడు. ఆమెన్ అన్నవాళ్లలో అందరికంటే గట్టిగా అన్నది నాన్న.

సోమవారం పొద్దున తమ్ముడు బండి తీసుకుని కాలేజీకి వెళ్లిపోయాడు. నడిచి వెళ్లే దూరానికి. నేను కాలేజీ బస్సు కోసం రోడ్డు చివర నిలబడితే నా ముందు నుంచే వెళ్లాడు, హారన్ కొట్టుకుంటూ.

ఆ సాయంత్రం నాన్నతో అన్నాను. ఆయనకు ఎదురుగా నిలబడి మాట్లాడటం నాకు కష్టం. పుస్తకాలు సర్దుతున్నట్టు నటిస్తూ అన్నాను.

"ప్రార్థన నా పేరున చేశారు కదా నాన్నా."

"అయితే?"

"మరి దేవుడికి అబద్ధం చెప్పినట్టు కాదా?"

నాన్న పేపరు మడిచి పక్కన పెట్టారు. "మన ఇంటి సంగతి దేవుడికి తెలియదా అమ్మా? ఆయనకి అన్నీ తెలుసు. పాస్టర్ గారికి తెలియకపోతే చాలు."

ఇది నేను కల్పించి రాస్తున్న మాట కాదు. లెక్కల మాస్టారు, సంఘ పెద్ద, ఇలాగే అన్నారు.

హాల్లో క్యాలెండర్ కింద మేకుకు తాళం వేలాడేది. తమ్ముడికి సెలవున్న ఒక రోజు నేను దాన్ని తీసుకున్నాను. చున్నీ కట్టుకుని, హెల్మెట్ పెట్టుకుని గేటు తీస్తుంటే వాడు మంచం మీంచి లేచొచ్చి గోల మొదలుపెట్టాడు. "నాన్నా! అక్క నా బండి తీసుకెళ్లిపోతోంది! గీతలు పడితే ఎవరిది బాధ్యత?" నాన్న వచ్చి నా చేతిలోంచి తాళం తీసుకున్నారు. కోప్పడలేదు. నెమ్మదిగా, స్కూల్లో చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పారు.

"బరువైన బండి అమ్మా. హైవే మీద లారీలు. పడితే ముఖం మీద దెబ్బలు తగులుతాయి."

"తమ్ముడు పడితే?"

"వాడు పడడు."

వాడు అప్పటికే పడ్డాడు. గొల్లపూడి దగ్గర మలుపులో జారి, ట్యాంకు మీద గీతలు పడ్డాయి. ఆ గీతలు కనపడకుండా ఒక స్టిక్కర్ అంటించుకున్నాడు. 'దేవుని బహుమానం' అని ఉంటుంది దాని మీద. ఇంట్లో అందరూ ఆ స్టిక్కర్‌ని చూసి, వాడికి భక్తి పెరిగిందని సంతోషించారు.

తరవాత నా ఫోనుకు పోలీసుల మెసేజీలు రావడం మొదలైంది. కాగితాలలో బండి నాది, నంబరు నాది. మొదటిది వచ్చినప్పుడు మధ్యాహ్నం లైబ్రరీలో బీరువా పక్కన ఉన్నాను. చలానా అట, ఫొటోతో సహా. ఫొటోలో నా బండి మీద ముగ్గురు, ఒక్కరికీ హెల్మెట్ లేదు. హ్యాండిల్ పట్టుకున్నది నా తమ్ముడు, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతూ. కింద వాహన యజమాని అన్నచోట నా పేరు. నేను ఎక్కడానికే వీల్లేని బండికి, నేను చేయని తప్పుకి, నా పేరున జరిమానా. పుస్తకంలో చదివిన పేజీయే మళ్లీ మళ్లీ చదివాను. ఒక్క అక్షరం ఎక్కలేదు. ఆ గంట కూడా పోయింది.

ఇంటికొచ్చి నాన్నకు ఫోను చూపించాను. ఆయన కట్టేస్తాలే అన్నారు. తమ్ముడికి, "ముగ్గురు ఎక్కొద్దురా," అని చెప్పారు. అంతే. వాడు, "సరే," అన్నాడు ఫోనులోంచి తలెత్తకుండా. రెండో మెసేజీలోనూ ముగ్గురే ఉన్నారు. ఈసారి వెనకవాళ్లు వేరే.

ఆ రోజుల డైరీ ఇప్పుడు తిరగేస్తే తెలుస్తోంది, కాగితం వెనక వైపుకు అచ్చు పడేంత గట్టిగా రాశాను. కానీ డైరీలో ఎంత కోపం రాసినా బండి తాళం మేకుకే ఉంటుంది.

మొదటి ఆదివారం వచ్చింది. నేను సాక్ష్యం చెప్పాలి. ఇంట్లోంచి బయలుదేరేముందే నాన్న నాకు చెప్పి పెట్టారు. "రెండు ముక్కలు చాలు. దేవుడు బండి ఇచ్చాడు, స్తోత్రం. కూర్చో." నేను తలూపాను. నిజంగానే అంతవరకే చెబుదామనుకున్నాను. అంతమంది ముందు నిలబడటమే నాకు పెద్ద గండం, ఇంక వేరే ఆలోచన ఎక్కడిది?

మా చర్చిలో ఆడవాళ్లు ఒకవైపు చాపల మీద, మగవాళ్లు ఇంకోవైపు కూర్చుంటారు. పాస్టర్ గారు నా పేరు పిలిచారు. లేచాను. మైకు నా చేతికి వచ్చింది. నా పక్కన కూర్చున్న ఒక ముసలమ్మ, "నోటికి దగ్గరగా పెట్టుకోమ్మా, మాకు వినపడద్దూ?" అంది. పెట్టుకున్నాను. నా ఊపిరి చప్పుడు హాలంతా వినిపించింది. సరిగ్గా అప్పుడు బయట బండి ఆగిన శబ్దం. తమ్ముడు ఆలస్యంగా వచ్చాడు. వేలికి తాళం తిప్పుకుంటూ లోపలికి వచ్చి, చివరి వరసలో కూర్చుని, నన్ను చూసి నవ్వాడు. వాడికి నేను మైకు పట్టుకోవడం అంత నవ్వు తెప్పించింది.

"దేవుడు నాకు బండి ఇచ్చాడు," అన్నాను.

"స్తోత్రం," అన్నారు అందరూ.

"ఇచ్చాడు గానీ అది నా చేతికి రాలేదు."

ఎవరూ స్తోత్రం అనలేదు.

"అయ్యగారు నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఆ రోజు నుంచి నేను ఒక్కసారి కూడా ఆ బండి నడపలేదు. తమ్ముడికి లైసెన్సు లేదు. అందుకని నాది చూపించి వాడికి కొన్నారు. ప్రార్థన నాకు చేయించి, తాళం తమ్ముడికి ఇచ్చారు. పోలీసుల మెసేజీలు మాత్రం నాకే వస్తున్నాయి."

ఆడవాళ్ల వైపు నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. నేను ఆగలేదు. "నేను స్తోత్రం చెప్పాలా వద్దా నాకు తెలియడం లేదు. అందుకని ఉన్నది చెబుతున్నాను," అని కూర్చున్నాను. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న మెడ వెనక భాగం మాత్రం నాకు కనిపించింది. ఎర్రగా ఉంది.

పాస్టర్ గారు నాన్న వైపు తిరిగారు. "మాస్టారూ, అమ్మాయి చెప్పింది నిజమేనా?" అన్నారు.

నాన్న లేచి నిలబడి, "అది... చిన్న ఇంటి విషయమండి," అన్నారు.

"నా చెయ్యి ఆ పిల్ల తల మీద పెట్టించారు కదా. అది ఇంటి విషయం ఎలా అవుతుంది? ఈ పిల్లాడు రేపు ఎక్కడో పడితే, పాస్టర్ ప్రార్థన చేసిన బండి అనరూ?" ఆయనకు నిజంగా కోపం వచ్చింది. కానీ ఆ కోపం నా కోసం వచ్చింది కాదు. తన చెయ్యి కోసం, తన ప్రార్థన కోసం వచ్చింది. అది నాకు ఆ క్షణంలోనే తెలిసింది. "బాబూ, తాళం తీసుకుని ఇలా రా."

తమ్ముడు లేచి, అందరి మధ్య నుంచి నడిచి వచ్చి తాళం ఇచ్చాడు. పాస్టర్ గారు దాన్ని నా చేతిలో పెట్టారు. పెడుతూ, మైకు పక్కకు తిప్పి, నాకు మాత్రమే వినపడేలా అన్నారు. "ఇలాంటివి ఈసారి నుంచి సభలో కాదమ్మా, నా దగ్గరికి వచ్చి చెప్పాలి. తండ్రి పరువు పోయింది చూడు."

తాళం ఇస్తూ కూడా ఆ మాట అనకుండా ఉండలేకపోయారు.

ఆరాధన అయ్యాక అమ్మ బండి ఎక్కనంది. నాన్నతో, తమ్ముడితో కలిసి ఆటోలో వెళ్లిపోయింది. ఆవరణలో అందరూ నన్నే చూస్తున్నారు. బండికి వేలాడుతున్న హెల్మెట్ తీసి పెట్టుకున్నాను. మొదటిసారి స్టార్ట్ చేసి క్లచ్ వదలగానే ఆగిపోయింది. మగవాళ్ల వైపు నుంచి, "అదిగో," అన్నారు ఎవరో. అప్పుడు ఆ ముసలమ్మ బైబిల్ సంచి చంకలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"నన్ను కూడా దింపమ్మా. మా మనవడు బండి కొన్నాడు గానీ నన్ను ఎక్కించుకోడు. చీర చక్రంలో పడుతుందంటాడు."

"పడిపోతామేమో మామ్మగారూ."

"పడితే ఇద్దరం పడదాం. ఎక్కుతున్నా, కదలకు."

ఆమె పక్కకు తిరిగి కూర్చుని నా నడుము పట్టుకుంది. రెండోసారి ఆగలేదు. దారంతా ఆమె నాతో మాట్లాడుతూనే ఉంది, హెల్మెట్‌లో నాకు సగం వినపడలేదు. వాళ్ల సందు మొదట్లో దిగుతూ, "మా ఆయన తన లూనా మోపెడ్‌ని నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు," అని చెప్పి వెళ్లిపోయింది.

ఇంట్లో నాన్న చాలా రోజులు నాతో మాట్లాడలేదు. "ఇంటి పరువు మైకులో పెట్టింది," అని అమ్మతో నాకు వినపడేలా అనేవారు. తమ్ముడు నా ప్లేటు పక్కన ప్లేటు పెట్టడం మానేశాడు. అయినా తాళాన్ని నేను మళ్లీ ఆ మేకుకు తగిలించలేదు. రోజూ బండి మీదే కాలేజీకి వెళ్లాను. లైబ్రరీ మూసేదాకా కూర్చున్నాను. లారీల బూడిద పడకుండా చున్నీ చుట్టుకుని, హైవే ఎడమ పక్కన నా దారిన నేను ఇంటికి వచ్చేదాన్ని. లైబ్రరీ వెనక గదిలోని ఒక బీరువా ఆ ఏడాదిలో పూర్తి చేశాను. ఆ సాయంత్రాలు నేను అనుకున్నట్టే ఉన్నాయి. అది కూడా రాయాలి కదా, కోపం ఒక్కటే రాస్తే అబద్ధమవుతుంది.

తమ్ముడికి పద్దెనిమిది నిండగానే వేరే బండి వచ్చింది. దానికి మాత్రం వాడు ఎవరినీ అడగనక్కరలేకపోయింది.

ఇక్కడితో అయిపోయి ఉంటే నేను ఇదంతా రాసేదాన్ని కాదు. మెల్లగా కథ మారడం మొదలైంది. పాస్టర్ గారు ఆడవాళ్ల కూటాల్లో మా సంగతి ఉదాహరణగా చెప్పడం మొదలుపెట్టారు. అందులో తమ్ముడు లేడు, చలానాలు లేవు, మైకు లేదు. దూరం వెళ్లి చదువుకునే కూతురు, ఆమెకు బండి కొనిచ్చిన తండ్రి, అంతే. జనం వచ్చి నాన్నను మెచ్చుకున్నారు. మొదట్లో ఆయన ఇబ్బందిగా నవ్వి ఊరుకునేవారు. తరవాత ఇబ్బంది పోయింది. నవ్వు మిగిలింది.

ఈ మధ్య పామర్రులో మావయ్య కొత్త ఇల్లు కట్టుకుని ప్రార్థన పెట్టుకున్నాడు. బంధువులందరూ వచ్చారు. నేను బండి మీదే వెళ్లాను. షామియానా కింద మగవాళ్ల బంతి సాగుతోంది. నేను జగ్గుతో మంచినీళ్లు పోస్తున్నాను. నాన్న పక్కనున్న పెద్దాయన, "అమ్మాయి విజయవాడ నుంచి బండి మీద వచ్చిందటగా!" అన్నాడు.

"అవునండి అన్నయ్యగారూ," అన్నారు నాన్న. "ఆడపిల్లకి గేర్ల బండేంటని అందరూ అన్నారు. నేను వినలేదు. అబ్బాయికి తరవాత, ముందు అమ్మాయికి కొందాం అన్నాను."

ఆయన అబద్ధం చెబుతున్నట్టు కూడా లేదు. నమ్మేశారు. తానే అలా అన్నట్టు, అలా కొన్నట్టు, ఆయనకు ఇప్పుడు గుర్తుంది.

"అది తమ్ముడికి కొన్నారు నాన్నా," అన్నాను. జగ్గు చేతిలోనే ఉంది. "నా లైసెన్సు చూపించి తమ్ముడికి కొన్నారు. నేను చర్చిలో అందరి ముందూ లేచి చెబితే తప్ప తాళం నా చేతికి రాలేదు."

బంతిలో చేతులు ఆగిపోయాయి. నాన్న ఒక్క క్షణం నా ముఖంలోకి చూశారు. తరవాత పకపకా నవ్వారు.

"చూశారా, చూశారా అన్నయ్యగారూ! మూలన కూర్చునే పిల్ల, పదిమందిలో ఎలా మాట్లాడుతోందో! బండి చేతికిచ్చాకే ఈ ధైర్యం వచ్చింది."

"అంతే మాస్టారూ, ఆడపిల్లల్ని అలాగే పెంచాలి," అన్నాడు పెద్దాయన. బంతంతా నవ్వింది. చేతులు మళ్లీ అన్నంలోకి వెళ్లాయి.

బండి తీసుకున్నారు, ప్రార్థన తీసుకున్నారు, నా అవస్థ తీసుకున్నారు. ఇప్పుడు నేను ఎదురు చెప్పిన మాట కూడా ఆయన గొప్పతనంలోనే కలిసిపోయింది. జగ్గు బల్ల మీద పెట్టాను. "తినకుండా ఎక్కడికే?" అని అమ్మ వెనక నుంచి పిలిచింది. చెప్పులు వేసుకుని బయటికి వచ్చి, బండి తీశాను. ఉయ్యూరు, కంకిపాడు దాటి వచ్చినా దవడలు బిగిసే ఉన్నాయి. దారి పక్క పొలాల్లో నాట్లు పడుతున్నాయి, ఆడవాళ్లు వంగి నాటుతున్నారు. నేను ఏమీ సరిగ్గా చూడలేదు. కోపంలో చూసింది గుర్తుండదు.

ఇంటికి వచ్చి, తలుపు గడియ పెట్టి, ఇది రాయడం మొదలుపెట్టాను. ఎవరు ఎవరికి ఏం కొన్నారో, అది ఎలా నా చేతికి వచ్చిందో, ఒక్కచోటైనా జరిగింది జరిగినట్టు ఉండాలి.